ప్రీస్కూల్ ఫీజు, డే కేర్ ఖర్చు: అమెరికా టాక్స్ రిటర్న్‌లో ఎంతవరకు పనికొస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ వారిది హెచ్‌1బీ (ఉద్యోగ వీసా), మీది హెచ్‌4 (ఆ వీసాదారు జీవిత భాగస్వామికి ఇచ్చేది). 2025 ఏప్రిల్‌లో మీకు ఈఏడీ (పని అనుమతి) కార్డు వచ్చింది, మూడు నెలలు ఉద్యోగం వెతుక్కుని జూలైలో చేరారు. ఐదేళ్ల పాప ఆగస్టు నడుమ దాకా ఒక ప్రైవేటు మాంటిస్సోరి బడిలో ప్రీ-కే చదివి, తర్వాత అక్కడే కిండర్‌గార్టెన్‌కు మారింది. మూడేళ్ల బాబు అదే బడిలో ప్రీస్కూల్‌లో ఉన్నాడు. సాయంత్రాలు పిల్లల్ని తన ఇంట్లో చూసుకున్న ఒక ఆంటీకి నెలనెలా నగదు ఇచ్చారు. మధ్యలో మీ అమ్మగారు వచ్చి ఆరు నెలలు ఉన్నారు. మొత్తం ముప్పై వేల డాలర్లు దాటింది, ఇద్దరి ఆదాయం కలిపి 1,65,000 డాలర్ల వరకు ఉంది. ఇందులో ఎంత టాక్స్‌లో తగ్గుతుంది, పాప ఫీజు, ఆంటీకి ఇచ్చిన డబ్బు కూడా చూపించవచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, 2025 రిటర్న్‌లో మీకు తగ్గేది 1,200 డాలర్లు, అంతకు మించి రాదు. దానికి మీ బాబు ప్రీస్కూల్ ఫీజు ఒక్కటే సరిపోతుంది. ముప్పై వేలు పోసినచోట పన్నెండు వందలు ఏ మూలకు అని మీకు అనిపించడం సహజమే. నేను పదిహేడేళ్లుగా ఇక్కడ రిటర్నులు తయారుచేసే పనిలో ఉన్నాను, నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది మనవాళ్లే, ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఎదుటివారి ముఖం ఒక్క క్షణం చిన్నబోవడం చూస్తూనే ఉన్నాను.

కారణం ఈ రాయితీ కట్టుబడిలోనే ఉంది. ప్రీస్కూల్ ఫీజును రిటర్న్‌లో ఆదాయంలోంచి తీసివేసే వీలు ఫెడరల్ చట్టంలో లేదు. ఉన్నది పిల్లల సంరక్షణ ఖర్చుపై ఇచ్చే టాక్స్ క్రెడిట్, దాన్ని ఫారం 2441లో లెక్కకడతారు. ఒక బిడ్డ ఉంటే ఏడాదికి 3,000 డాలర్ల ఖర్చును, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 6,000 డాలర్ల ఖర్చును మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. మీరు నిజంగా ఎంత ఖర్చు పెట్టారన్నది ఆ గీత దాటాక అప్రస్తుతం. ఆ మొత్తంలో 20 నుంచి 35 శాతం దాకా క్రెడిట్ వస్తుంది గాని, 2025 వరకు ఉన్న నియమం ప్రకారం సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం (మొత్తం ఆదాయంలోంచి చట్టం ఒప్పుకునే కొన్ని తగ్గింపులు పోగా మిగిలేది) 43,000 దాటిన అందరికీ 20 శాతమే. అంటే ఇద్దరు పిల్లలున్న మీకు 6,000లో 20 శాతం. మీరు కట్టవలసిన పన్నులోంచి ఇది నేరుగా తగ్గుతుంది. పన్నే లేకపోతే చేతికి మాత్రం రాదు. కరోనా సాయంలో భాగంగా 2021 ఒక్క సంవత్సరానికి ఈ పరిమితులను 8,000, 16,000కు, శాతాన్ని 50కి పెంచారు. ఆ ఏడాది రిటర్న్ చూసుకున్నవారు ఇప్పటికీ "అప్పుడు అంత వచ్చిందే" అని నన్ను నిలదీస్తుంటారు.

ఇప్పుడు పాప ఫీజు సంగతి. ఈ క్రెడిట్ చదువుకు ఇచ్చేది కాదు, తల్లిదండ్రులు ఉద్యోగం చేసుకునేందుకు వీలుగా పిల్లల్ని చూసుకున్నందుకు అయ్యే ఖర్చుకు ఇచ్చేది. ప్రీస్కూల్‌లో అక్షరాలు నేర్పినా, పాటలు పాడించినా, కిండర్‌గార్టెన్‌కు కింది స్థాయిలో ఉన్న కార్యక్రమం మొత్తాన్ని చట్టం సంరక్షణగానే చూస్తుంది, అందుకే నర్సరీ, ప్రీ-కే ఫీజును చదువెంత, ఆలనపాలన ఎంత అని విడగొట్టనక్కరలేదు. బిడ్డ కిండర్‌గార్టెన్ గడప దాటిన రోజు నుంచి అదే బడి, అదే గది, అదే టీచరు అయినా ఆ ఫీజు చదువు ఖర్చు అయిపోతుంది, క్రెడిట్‌కు పనికిరాదు. అయితే బడి సమయానికి ముందు, తర్వాత ఉంచుకున్నందుకు తీసుకునే రుసుము మాత్రం కిండర్‌గార్టెన్‌లోనూ, ఆ పై తరగతుల్లోనూ సంరక్షణ ఖర్చే, బిడ్డకు పదమూడేళ్లు నిండేదాకా.

ఇక్కడ చాలామంది నష్టపోయేది రసీదు దగ్గర. కొన్నేళ్ల కిందట ఒక దంపతులు ఒక్కగానొక్క అబ్బాయి బడి స్టేట్‌మెంటు తెచ్చారు. అబ్బాయి ఏడాది మొదట్లో కిండర్‌గార్టెన్, ఆగస్టు నుంచి ఒకటో తరగతి. ఒకటే పేజీ, పది నెలలకు పది వరుసలు, ప్రతి వరుసలో "ట్యూషన్ 1,640" తప్ప మరో ముక్క లేదు. అలా చూస్తే వారికి వచ్చేది సున్నా. అబ్బాయిని ఎన్నింటికి తెచ్చుకుంటారని అడిగితే, సాయంత్రం ఐదున్నరకని చెప్పారు. బడి మూడింటికే అయిపోతుంది. అంటే ఆ 1,640లో సాయంత్రం రుసుము కూడా కలిసే ఉందన్నమాట. బడి ఆఫీసుకు ఈమెయిల్ రాయించాను. వారం తిరక్కుండా కొత్త కాగితం వచ్చింది, అందులో నెలకు 1,260 ట్యూషన్, మూడు గంటల తర్వాత సంరక్షణకు 380 అని విడివిడిగా ఉంది. పది నెలలకు 3,800 అయింది, ఒక బిడ్డకున్న 3,000 పరిమితి నిండిపోయి 600 డాలర్ల క్రెడిట్ వచ్చింది. విడగొట్టి ఇవ్వమని అడగడానికి మొహమాటపడవద్దు, చాలా బడుల దగ్గర ఆ లెక్క సిద్ధంగానే ఉంటుంది.

ఇక మనవాళ్ల ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ తకరారు వచ్చే నియమం ఇది: ఖర్చు పెట్టిన కాలంలో భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగం చేస్తూ గాని, వెతుక్కుంటూ గాని ఉండాలి, ఆ సంవత్సరంలో ఇద్దరికీ సంపాదన ఉండాలి. ఒకరు హెచ్‌1బీ మీద ఎంత సంపాదిస్తున్నా, రెండోవారు హెచ్‌4 మీద పని అనుమతి లేకుండా ఇంట్లోనే ఉంటే, పిల్లవాడు నాలుగు మాటలు నేర్చుకుంటాడని వేసిన ప్రీస్కూల్‌కు క్రెడిట్ లేదు. మీ విషయంలో జనవరి నుంచి మార్చి వరకు కట్టిన ఫీజులు ఈ కారణంగా పక్కకు పోతాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మీరు ఉద్యోగం వెతికారు, ఆపైన అదే ఏడాదిలో జీతం కూడా అందుకున్నారు కాబట్టి ఆ మూడు నెలలు లెక్కలోకి వస్తాయి. అదే డిసెంబరు దాకా ఉద్యోగం దొరక్కపోయి ఉంటే, ఎంత వెతికినా ఏమీ వచ్చేది కాదు.

దీనికి మరో కొస ఉంది. ఇద్దరిలో ఎవరి సంపాదన తక్కువో, లెక్కలోకి వచ్చే ఖర్చు దానికి మించకూడదు. నవంబరులో ఉద్యోగంలో చేరి ఏడాది చివరికి 2,400 డాలర్లు మాత్రమే సంపాదించిన ఒక అమ్మాయికి పరిమితి 6,000 కాదు, 2,400 అయింది. పూర్తికాల విద్యార్థిగా ఉన్న జీవిత భాగస్వామికి మాత్రం ఒక సడలింపు ఉంది: ఏడాదిలో కనీసం ఐదు నెలల్లో కొంత భాగమైనా పూర్తికాలం చదివితే, చదివిన ఒక్కో నెలకు ఒక బిడ్డ ఉన్నప్పుడు 250, ఇద్దరు ఉన్నప్పుడు 500 డాలర్లు సంపాదించినట్టుగా భావిస్తారు. హెచ్‌4 మీద మాస్టర్స్ చేస్తున్నవారు దీన్ని మరిచిపోతుంటారు. అయితే పాఠాలన్నీ ఇంటర్నెట్ ద్వారానే చెప్పే సంస్థలు దీనికి పనికిరావు.

ఆంటీకి ఇచ్చిన నగదు దగ్గరికి వద్దాం. నగదు ఇవ్వడం తప్పు కాదు, నగదు ఇచ్చారు కాబట్టి క్రెడిట్ రాదన్నదీ నిజం కాదు. అడ్డం పడేది వేరే: ఫారం 2441లో పిల్లల్ని చూసుకున్నవారి పేరు, చిరునామా, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదా సంస్థ అయితే దాని పన్ను గుర్తింపు సంఖ్య (ఈఐఎన్) రాయాలి. దాన్ని అడిగి తీసుకోవడానికే డబ్ల్యూ-10 అనే చిన్న ఫారం ఉంది. ఏడాది పొడుగునా చక్కగా మాట్లాడిన ఆంటీలు ఫిబ్రవరి రాగానే ఫోను ఎత్తరు, ఎందుకంటే మీరు నంబరు రాసిన క్షణం ఆవిడ ఆదాయం కూడా పైకి వస్తుంది. ఎంత అడిగినా ఇవ్వకపోతే, పేరు, చిరునామా మాత్రం రాసి, నంబరు అడిగినా ఇవ్వలేదని వివరణ జతచేసి క్రెడిట్ కోరవచ్చు. నేను అలా రెండు రిటర్నులే పంపాను. రెండుసార్లూ అడిగినట్టు చూపించే మెసేజ్‌లు, బ్యాంకు నుంచి డబ్బు తీసిన తేదీలు ముందే పోగుచేసి పెట్టుకున్నాకే పంపాను.

మీరు మాత్రం ఆ తలనొప్పి పెట్టుకోనక్కరలేదు. ఇద్దరు పిల్లలకు కలిపి ఉన్న 6,000 పరిమితిని చెరి సగం పంచాలని ఎక్కడా లేదు, మొత్తం ఒక్క బిడ్డ ఖర్చుతోనే నింపవచ్చు. పాప పేరు కూడా ఫారంలో అర్హురాలిగా రాస్తే చాలు. ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు మీ బాబు ప్రీస్కూల్ ఫీజు ఒక్కటే, మీరు రాసిన నెలకు 1,300 చొప్పున, 11,700 అవుతుంది. పాప కిండర్‌గార్టెన్‌ను, ఆంటీని, సాయంత్రాలను పూర్తిగా వదిలేసినా వచ్చే క్రెడిట్‌లో ఒక్క డాలరు తేడా ఉండదు. బడి ఈఐఎన్, రసీదులు ఎలాగూ మీ దగ్గర ఉంటాయి. ఉన్నవాటిలో గట్టి కాగితంతో పరిమితి నింపుకుని, అంతటితో ఆగడం మంచిదని నేను అందరికీ చెబుతాను. చిల్లర రసీదులన్నీ పోగేసి తెచ్చేవారి శ్రమను నేను తప్పు పట్టను గాని, గీత దాటాక ఆ కాగితాల వల్ల ఒరిగేదేమీ లేదు.

అయితే ఒక హెచ్చరిక: ఆంటీ తన ఇంట్లో చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. రేపు ఎవరినైనా మీ ఇంటికే పిలిపించుకుని, ఎప్పుడు రావాలో, ఏం చేయాలో మీరే చెబుతూ పెట్టుకుంటే, ఆవిడ మీ ఇంటి ఉద్యోగి అవుతారు. 2025లో 2,800, 2026లో 3,000 డాలర్లు, లేదా అంతకు మించి జీతం ఇస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు రిటర్న్‌కు జతచేసే షెడ్యూల్ హెచ్ ద్వారా మీరే కట్టాలి, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోతలు చూపే పత్రం) కూడా ఇవ్వాలి. "ఒక్క ఆవిడే కదా" అనుకుని మూడేళ్లు వదిలేసిన ఒక కుటుంబం, ఆవిడ వేరేచోట నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఇరుక్కుంది.

అమ్మగారి సంగతి ఒక్క మాటలో చెబుతాను. సాధారణంగా అయితే, మీ మీద ఆధారపడినవారిగా రిటర్న్‌లో చూపించని అమ్మమ్మకో నానమ్మకో ఇచ్చిన డబ్బు కూడా సంరక్షణ ఖర్చే. కాని విజిటర్ వీసా మీద వచ్చినవారు ఇక్కడ జీతానికి పనిచేయకూడదు. వారికి పెట్టిన చీరలు, కొనిచ్చిన టికెట్లు, ఖర్చులకు ఇచ్చిన డబ్బు ఫారంలో రాయాలన్న ఆలోచన దయచేసి మానుకోండి. ఆవిడ తర్వాతి వీసాకే అది ముప్పు తెస్తుంది.

ఇక మీ స్నేహితులు చెప్పిన ఎఫ్‌ఎస్‌ఏ (ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్). నిజానికి డబ్బు మిగిలేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. కంపెనీ ద్వారా ఇచ్చే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏలో మీరు చెప్పిన మొత్తాన్ని జీతంలోంచి పన్ను పడకముందే పక్కన పెట్టి, ప్రీస్కూల్ రసీదు చూపించినప్పుడు మీకు తిరిగి ఇస్తారు. ఏ ఖర్చు సంరక్షణ అవుతుంది, ఇద్దరూ పనిచేయాలా అన్న నియమాలన్నీ పైన చెప్పినవే. దీని బలం ఏమిటంటే, ఆదాయపు పన్నుతో పాటు 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత కూడా ఆ డబ్బుపై పడదు. 2025 వరకు కుటుంబానికి 5,000 డాలర్లే పరిమితి. 2025 జూలైలో వచ్చిన చట్టం దాన్ని 2026 నుంచి 7,500కు పెంచింది. అదే చట్టం క్రెడిట్ శాతాన్ని కూడా మార్చింది: 2026 నుంచి తక్కువ ఆదాయం వారికి 50 శాతంతో మొదలై, మెల్లగా 35కు దిగి, దంపతుల ఉమ్మడి ఆదాయం 1,50,000 దాటాక మళ్లీ తగ్గుతూ, 2,06,000 దాటినవారికి 20 శాతం దగ్గర ఆగుతుంది. 3,000, 6,000 పరిమితులు మాత్రం మారలేదు.

ఎఫ్‌ఎస్‌ఏలో పెట్టిన ప్రతి డాలరూ క్రెడిట్ పరిమితిలోంచి ఒక డాలరును తినేస్తుంది. కాబట్టి 2026లో పూర్తిగా 7,500 పెట్టినవారికి ఇద్దరు పిల్లలున్నా క్రెడిట్ ఉండదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఉమ్మడి ఆదాయం 1,80,000 ఉన్న ఇంటికి 2026లో క్రెడిట్ 27 శాతం, అంటే 6,000 మీద 1,620 డాలర్లు. అదే ఇల్లు 22 శాతం స్లాబులో ఉంటే 7,500 ఎఫ్‌ఎస్‌ఏ మీద 22కు 7.65 కలిపి 29.65 శాతం, అంటే 2,220కి పైనే మిగులుతుంది. పైగా చాలా రాష్ట్రాల్లో రాష్ట్రపు పన్ను కూడా కొంత తగ్గుతుంది. ఇద్దరు పిల్లలతో 60,000 ఆదాయం ఉన్న ఇంటికి లెక్క తిరగబడుతుంది: వారికి క్రెడిట్ 35 శాతం, 2,100 దాకా వస్తుంది, ఎఫ్‌ఎస్‌ఏలో మిగిలేది 1,475 లోపే. "ఎఫ్‌ఎస్‌ఏ ఎప్పుడూ మంచిదే" అన్న పాత సలహాను ఇకమీదట కళ్లు మూసుకుని పాటించలేము.

మీ ఇంట్లో 2026లో ఇద్దరి జీతాలూ పన్నెండు నెలలు ఉంటాయి కాబట్టి, ఎఫ్‌ఎస్‌ఏ వైపే మొగ్గమంటాను. ఎంపిక సాధారణంగా ముందటి ఏడాది చివర్లో జరిగే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లోనే చేసుకోవాలి. మీరు దాన్ని వదిలేసుకున్నా దారి మూసుకుపోలేదు: ఫీజు పెరిగినప్పుడు, బడి మారినప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు ఏడాది మధ్యలోనూ చేరనిచ్చే వెసులుబాటు చాలా కంపెనీల పథకాల్లో ఉంది, హెచ్‌ఆర్‌ను అడగండి. దానికి సాధారణంగా 30 రోజుల గడువే ఉంటుంది, ఆ తర్వాత ఎంత బతిమాలినా లాభం లేదు. ఇద్దరిలో సోషల్ సెక్యూరిటీ పన్ను పడే గరిష్ఠ వేతనానికి (2026లో 1,84,500) లోపు ఉన్నవారి జీతంలోంచి పెట్టడం మేలు, ఆ గీత దాటినవారికి 7.65 బదులు 1.45 శాతమే మిగులుతుంది.

ఎఫ్‌ఎస్‌ఏలో నేను పదేపదే చూసిన పొరపాట్లు రెండు. మొదటిది, పరిమితి మనిషికి కాదు, కుటుంబానికి. ఒకరికి తెలియకుండా ఒకరు చెరో 5,000 ఎంచుకున్న జంట డబ్ల్యూ-2ల్లో పదో గడి రెండింట్లోనూ 5,000 కనిపించింది. ఎక్కువైన 5,000 మళ్లీ ఆదాయంలో కలిసి, 22 శాతం చొప్పున 1,100 డాలర్ల పన్ను పడింది. రెండోది మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది. హెచ్‌4 ఈఏడీ గడువు జనవరి చివర్లో ముగిసి, పునరుద్ధరణ రాక, ఏడాదంతా ఇంట్లో ఉండిపోయిన ఒకావిడ ఆ సంవత్సరం సంపాదన 1,900 డాలర్లు. భర్త మాత్రం 5,000 ఎఫ్‌ఎస్‌ఏను అలాగే కొనసాగించారు. తక్కువ సంపాదన నియమం దీనికీ వర్తిస్తుంది కాబట్టి, 3,100 పన్నులో పడింది. ఉద్యోగం ఆగిన రోజునే ఎఫ్‌ఎస్‌ఏ కోతను తగ్గించుకోవలసింది. మీ కార్డు గడువు ఎప్పుడో చూసుకుని ఆ మేరకే ఎంచుకోండి.

529 ఖాతా (పిల్లల చదువు కోసం పన్ను రాయితీతో పొదుపు చేసే ఖాతా) గురించి కూడా అడిగారు. అందులోంచి ప్రీస్కూల్ ఫీజు కట్టకూడదు, కడితే ఆ మేరకు వచ్చిన లాభంపై పన్ను, అదనంగా 10 శాతం జరిమానా పడతాయి. తమాషా ఏమిటంటే, క్రెడిట్‌కు పనికిరాకుండా పోయిన కిండర్‌గార్టెన్ ట్యూషన్ 529కి మాత్రం పనికొస్తుంది. ఫెడరల్ నియమం ప్రకారం 2025లో ఏడాదికి 10,000, 2026 నుంచి 20,000 వరకు. మీ రాష్ట్రం దీన్ని ఒప్పుకుంటుందా అన్నది విడిగా చూసుకోవాలి.

చిన్న చిన్న సంగతులు మరికొన్ని. వేసవిలో పగటిపూట క్యాంపు, అది ఈతకైనా కోడింగ్‌కైనా, సంరక్షణ ఖర్చే, రాత్రి అక్కడే ఉండే క్యాంపు కాదు. ట్యూషన్లు, సమ్మర్ స్కూల్ కావు. సీటు కోసం కట్టిన డిపాజిట్ బిడ్డ ఆ బడిలో చేరితే లెక్కలోకి వస్తుంది, చేరకుండా వదులుకుంటే రాదు. భారతదేశంలో పుట్టి ఐటీఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి ఇచ్చే పన్ను సంఖ్య) మాత్రమే ఉన్న పిల్లలకు చైల్డ్ టాక్స్ క్రెడిట్ రాదు గాని, ఈ సంరక్షణ క్రెడిట్ వస్తుంది. ఈ తేడా తెలియక రెండూ వదిలేసినవారి పాత రిటర్నులను నేను 1040-ఎక్స్‌తో సవరించి పంపాను. సాధారణంగా మూడేళ్ల లోపు సవరించుకోవచ్చు. న్యూయార్క్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు తమ సొంత క్రెడిట్ కూడా ఇస్తాయి. టెక్సాస్, ఫ్లోరిడాలో జీతంపై రాష్ట్రపు పన్నే లేదు.

మీరు ఇప్పుడు చేయవలసింది: బడి నుంచి బాబు ఫీజును నెలవారీగా చూపే స్టేట్‌మెంటు, ఈఐఎన్ తీసుకోండి. లాభాపేక్ష లేని సంస్థ అయితే నంబరు గడిలో "టాక్స్ ఎగ్జెంప్ట్" అని రాస్తారు. ఉద్యోగం వెతికిన మూడు నెలల దరఖాస్తుల ఈమెయిళ్లు ఒక ఫోల్డరులో దాచండి. ఉమ్మడి రిటర్న్‌గానే ఫైల్ చేయండి, దంపతులు విడివిడిగా ఫైల్ చేస్తే కొన్ని మినహాయింపులు తప్ప ఈ క్రెడిట్ ఉండదు. 2026 జనవరి ఫీజును గత డిసెంబరులోనే కట్టి ఉంటే దాన్ని ఈసారి కలపవద్దు, డబ్బు కట్టడం, సంరక్షణ అందడం రెండూ పూర్తయిన సంవత్సరానికే అది చెందుతుంది కాబట్టి అది వచ్చే ఏటి రిటర్న్‌లోకి వెళుతుంది.